ద్వీపంలో ఒకే ఒక్క ఇంటిపేరు

ఎనభైల మొదట్లో అమెరికాలో ఒంటరిగా తిరిగే తెలుగువాడికి టెలిఫోన్ డైరెక్టరీని మించిన సత్రం లేదు. బస్సు దిగిన ఊళ్ళో ఫోన్ బూత్ దగ్గరికి వెళ్ళడం, గొలుసుతో కట్టేసిన ఆ లావుపాటి పుస్తకం తెరవడం, రావులనీ రెడ్లనీ నాయుళ్ళనీ వెతకడం, వాళ్ళు లేకపోతే పల్లి అనో పాటి అనో ముగిసే ఇంటిపేర్ల కోసం చూడటం. దొరికితే నాణెం వేసి, "తెలుగువాళ్ళేనా అండీ?" అంటే చాలు. ముక్కూ మొహం తెలియని మనిషి కారేసుకుని వచ్చి తీసుకెళ్ళేవాడు. అన్నం, పప్పు, ఆవకాయ, పడుకోవడానికి సోఫా. ఇంత ఆదరణ ఇంకే జాతిలో ఉందని మనవాళ్ళు మురిసిపోతుంటారు. ఆ ఆదరణకు ఒక గేటు ఉంది. రెండోసారి అన్నం వడ్డించేలోపు అక్కడ ఆపుతారు. "ఇంతకీ మీ ఇంటిపేరేమిటండీ?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. కాలేజీ రోజుల్లో మా ఊరి చర్చావేదికలో కులం మీద వారం వారం వాదించుకునేవాళ్ళం. ఒక సాయంత్రం కొంతమందిమి వేదిక ఎక్కి, ఇంటిపేర్లు ఇక వాడబోమని ప్రకటించాం. ఉద్యోగాల్లో చేరగానే మిగతావాళ్ళు మళ్ళీ తగిలించుకున్నారు. నేను తగిలించుకోలేదు. చివరి పేరు లేని మనిషిని అమెరికా ఒప్పుకోదు కనక ఉన్న పేరునే రెండు ముక్కలు చేసి, వెనక ముక్కను అక్కడ పెట్టాను. కులం పేరు చెప్పడం ఆపితే కులం పోతుందా అని నన్ను చాలామంది వెటకారం చేశారు. చెబుతూ ఉంటే పోతుందా అని నేను అడిగేవాణ్ణి. ఇప్పటికీ అడుగుతాను.

అప్పుడు నేను న్యూజెర్సీలో, పిస్కాటవేలో చదువుకుంటున్నాను. ఆ వేసవిలో బస్సు పాస్ కొని, నీలం సంచి ఒకటి వీపున వేసుకుని దేశం చూడటానికి బయల్దేరాను. టెక్సస్‌లో ఒక ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఇంటిపేరు చెప్పనన్నాను. ఆ ఇంటాయన మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నాడు. ఆయన ఒక్కొక్క కులం పేరూ పలికి నా మొహంలోకి చూశాడు, డాక్టరు పొట్ట నొక్కి ఎక్కడ నొప్పో కనుక్కుంటున్నట్టు. "చెప్పకపోతే తెలీదనుకున్నావా ఏంటి, పెరుగన్నం కలిపే తీరు చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను మర్యాదగా బస్టాండులో దింపారు. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ డైరెక్టరీ తెరవలేదు. అక్కణ్ణుంచి పసిఫిక్ సముద్రం దాకా నా నోట తెలుగు మాట రాలేదు. సిద్ధాంతం పదిలంగానే ఉంది. మాట్లాడే మనిషే లేడు.

లాస్ ఏంజెలెస్‌లో నేను దిగిన చవక బసలో ఒక జర్మన్ యాత్రికుడు కనిపించాడు. మధ్యధరా సముద్రంలో చాలా ద్వీపాలు తిరిగినవాడు. ఇక్కడికి దగ్గర్లో కటలీనా అని ఒక ద్వీపం ఉంది, అచ్చం వాటిలాగే ఉంటుంది, అదే ఎండ, అవే ఎండిన కొండలు, అవే తెల్లటి ఇళ్ళు, అంత దూరం పోలేనివాళ్ళకి ఇది చాలు అన్నాడు. నేను అంత దూరం పోలేనివాణ్ణే. మర్నాడు పొద్దున బోటెక్కాను. సాయంత్రం ఐదింటికి తిరుగు బోటు.

అతను చెప్పింది నిజమే అయ్యుంటుంది, పోల్చడానికి నేను ఇంకో దాన్ని చూడలేదు. అర్ధచంద్రంలా రేవు, దాని కొసన గుండ్రటి తెల్ల భవనం, వెనక కొండ మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు. కార్లు తక్కువ. జనం చిన్న చిన్న గోల్ఫ్ బళ్ళలో తిరుగుతున్నారు. అందరూ జంటలుగానో పిల్లలతోనో వచ్చారు. అలాంటి చోట ఒంటరిగా తిరిగేవాడు అందరికీ ఫొటోగ్రాఫరు. "కొంచెం ఒక ఫొటో తీస్తారా?" అని కెమెరా చేతిలో పెడతారు. నవ్వండి అంటాను, నవ్వుతారు, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. పొద్దున్నుంచీ నేను మాట్లాడిన మాటలన్నీ అవే. మధ్యాహ్నానికి చూడాల్సిందేమీ మిగల్లేదు. బోటుకి ఇంకా చాలా టైముంది.

రేవు పక్కన ఫోన్ బూత్ కనిపించింది. మానేసిన అలవాటే, చెయ్యి ఊరుకోక పుస్తకం తెరిచాను. ఆ ద్వీపానికి ఉన్న పేజీలు చాలా తక్కువ. వాటిలో ఒకే ఒక్క పేరు, తెలుగు తప్ప ఇంకేమీ కావడానికి వీల్లేని ఇంటిపేరు. మూసేసి రెండడుగులు వేశాను. మళ్ళీ వెనక్కి వచ్చాను.

"హలో," అంది ఆడగొంతు, నిద్రలోంచి లేచినట్టుగా.

"తెలుగువాళ్ళేనా అండీ?"

పెట్టేసిందేమో అనుకున్నాను.

"మళ్ళీ అనండి," అంది.

"తెలుగువాళ్ళేనా అని అడుగుతున్నానండీ."

"అవునండీ, తెలుగువాళ్ళమే. ఎక్కడినించి చేస్తున్నారు?"

"ఈ ఊళ్ళోనే. బోట్లు ఆగే చోట, బూత్‌లోంచి."

ఏదో జరిపిన చప్పుడయింది. "నీలం బ్యాగ్ మీదేనా? కొంచెం ఇటు తిరగండి. ఆ, కనపడుతున్నారు. ఏంటండీ అలా చిక్కిపోయారు?"

నన్ను ఎన్నడూ చూడని మనిషి చిక్కిపోయానంటోంది. కొండకేసి తలెత్తి చూశాను. వరసలు వరసలుగా కిటికీలు. "మీరెక్కడున్నారు?"

"పైన. బోలెడు ఇళ్ళున్నాయి కదా, అందులో ఒకటి."

ఆమె అక్కడి ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంది. భర్తకు లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం, వారాంతాల్లో వస్తాడు. గుంటూరు వైపు వాళ్ళు. "ఇక్కడ తెలుగు మాట్లాడాలంటే అద్దంతోనే మాట్లాడాలి. చర్చికి కూడా బోటెక్కి పోవాల్సిందే. తెలుగు ప్రార్థన నెలకోసారి పెడతారు."

"నేను దేవుణ్ణి నమ్మనండీ," అన్నాను. అడక్కపోయినా చెప్పడం నా అలవాటు.

"నమ్మకపోతే మానెయ్యండి. అన్నం తింటారు కదా? పైకి రండి, కుక్కర్ పెడతాను. నిన్నటి చేపల పులుసుంది. ఇంతకీ మీ ఇంటిపేరు?"

"అది నేను వాడనండీ."

"వాడకపోవడమేంటి, అదేమన్నా సబ్బా?"

నేను మొదలుపెట్టాను. వేదిక మీద చెప్పినదంతా చెప్పాను. పేరు అడగడం ఎలా కులం అడగడమో, మర్యాద ముసుగులో ఆ ప్రశ్న ఎంత పని చేస్తుందో, సముద్రాలు దాటినా అది మన వెంట ఎలా వచ్చిందో. ఇన్ని రోజుల తర్వాత తెలుగు దొరికింది కదా, ఆపలేకపోయాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"అయిపోయిందా?"

"అయిందండీ."

"ఫోన్ బుక్‌లో నన్నెలా పట్టుకున్నారు?"

"ఇంటిపేరు చూసి."

"మరి?"

ఎన్నో చర్చల్లో ఎందరి నోళ్ళో మూయించినవాణ్ణి. "అది వేరు, అక్కయ్యా," అన్నాను.

"వరసలు కలిపేస్తున్నారే. ఇంటిపేరు చెప్పకుండా వరస ఎట్లా కలుస్తుంది?"

"ఒక్కరే ఉన్నారు, ఎవడో ఏమో అని భయపడి అడుగుతున్నారనుకుంటాను. అంతే అయితే పేరు చెప్పినంతలో మంచివాణ్ణని తేలుతుందా?"

"దొంగైతే ఈపాటికి ఏదో ఒకటి చెప్పేసేవాడు. మీరు దొంగ కాదు, మొండిమనిషి. అంతే."

"మరెందుకు అడుగుతున్నారు?"

ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

"మాది ఊరి బయట పేట అండీ. పేటలో చర్చి. అర్థమైందా?"

"అర్థమైంది."

"ఈ దేశం వచ్చిన కొత్తలో న్యూజెర్సీలో ఉన్నాం మేము. ఒక ఫ్యామిలీని డిన్నర్‌కి పిలిచాం. పొద్దున్నుంచీ వండాను. టేబుల్ దగ్గర కూర్చున్నాక మాటల్లో మా ఊరు, మా పేట బయటపడ్డాయి. ఆవిడకి ఉన్నట్టుండి తలనొప్పి వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా లేచారు. వండిందంతా నా చేత్తో నేనే పారబోశాను. అప్పట్నించీ తలుపు తీసేముందే వాళ్ళది అడుగుతాను, నాది చెప్పేస్తాను. నా టేబుల్ మీంచి ఇంకెవరూ లేవకూడదు."

"నేను లేవనండీ."

"ఆవిడా లేవనన్నట్టే కూర్చుంది."

వాదించడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది. ఇంటిపేరు దాచుకోవడం నాకు ఒక పోరాటం. కానీ నేను దాచినంతసేపూ ఆమె తలుపు వెనకే నిలబడి ఉండాలి, వచ్చినవాడు తింటాడో లేస్తాడో తెలియకుండా. వేదిక మీద మాకు ఇలా ఎదురు మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పేటల వాళ్ళని మేము చర్చకు పిలవనూ లేదు. పైకి వెళ్ళి ఒక మనిషి ఎదుట కూర్చోవాలని నాకు ఎంత ఉందో, నన్ను రానివ్వాలని ఆమెకూ అంతే ఉందని ఆ గొంతులో వినిపిస్తూనే ఉంది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క మాట.

చెప్పాను. ఏళ్ళ తర్వాత నా నోటితో పలికిన ఆ పేరు ఎవరిదో పేరులా వినపడింది.

"ఏ ఊరు మీది?" అంది. చెప్పాను.

"మా ఊళ్ళో ఉన్నారండీ ఆ ఇంటిపేరు వాళ్ళు. రెండు వీధులు వాళ్ళవే. వాళ్ళ చేలోనే మా అమ్మ నాట్లేసేది. వాళ్ళ దొడ్లో పైనించి నీళ్ళు పోస్తే దోసిలి పట్టి తాగేది."

"మా ఊరు వేరండీ. వాళ్ళెవరో నాకు తెలీదు."

"చుట్టాలు కావచ్చు."

"కావచ్చు," అన్నాను.

ఒక గోల్ఫ్ బండి బూత్ పక్కనుంచి పోయింది. అందులో పిల్లలు ఐస్‌క్రీములు పట్టుకుని అరుస్తున్నారు.

"మీ మీద కోపం లేదండీ," అంది. "మీరు లేవరని కూడా తెలుస్తోంది. కానీ ఇవాళ వద్దు. నావల్ల కాదు."

"సరేనండీ."

"పెట్టేస్తున్నారా?"

"మరి..."

"పెట్టేయకండి. బోటు ఎన్నింటికి?"

"ఐదింటికి."

"అప్పటిదాకా మాట్లాడండి. ఏదో ఒకటి. తెలుగులో."

మాట్లాడాను. టెక్సస్ మామగారి కులపరీక్ష సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "పెరుగన్నంలో కూడా ఉంటుందా," అంది. ఇక్కడి వంకాయలు సొరకాయంత ఉండి ఏ రుచీ లేకుండా ఉంటాయని చెప్పింది. సముద్రం బాగా పొంగితే బోట్లు ఆపేస్తారని, అలాంటి వారాల్లో భర్త కూడా రాడని, రేడియోలో వాతావరణం చెప్పేవాడి గొంతే ఇంట్లో ఇంకో మనిషని చెప్పింది. నేను పిస్కాటవేలో మంచు గురించి చెప్పాను. ఎవరో బూత్ అద్దం మీద తట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. పేర్ల ప్రస్తావన మళ్ళీ ఆమె తేలేదు, నేనూ తేలేదు. మధ్యమధ్య ఇద్దరికీ మాటలు అయిపోయేవి. అప్పుడు కూడా ఫోన్ పెట్టలేదు.

బోటు కూత వినపడింది.

"వెళ్ళండి, పోతుంది."

"మీ కిటికీ ఏదో చెప్పండి."

"ఎందుకు?"

"ఊరికే, చూద్దామని."

"వద్దులెండి," అంది. "బోట్‌లో ఏమన్నా తినండి. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేరు."

ఇంకోసారి వస్తే పైకి రమ్మని ఆమె అనలేదు. వస్తానని నేనూ అనలేదు.

బోటు వెనక భాగంలో జనం తక్కువగా ఉన్నారు. కొండ నీడ ఊరి మీదికి దిగుతోంది, కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయి. నేను ఆమెకి కనపడుతుంటానని తెలుసు. చెయ్యి ఊపాలా వద్దా అన్నది తేలలేదు. గుర్తుపట్టడానికి వీలుగా నీలం సంచి గుండెల మీదికి తిప్పుకుని, ఊరు నీళ్ళలో కలిసిపోయేదాకా అటే తిరిగి నిలబడ్డాను.