నేలను నమ్మని చినత్త

మా చినత్త లక్ష్మీనరసమ్మకి నేలంటే నమ్మకం లేదు. దేవుడి మీద, డాక్టర్ల మీద, చివరికి ఆర్టీసీ బస్సు మీద కూడా నమ్మకముంది. కాలి కింద నేల మాత్రం ఎప్పుడు దగా చేస్తుందోనని ఒకటే అనుమానం. పడగ్గదిలోంచి వంటింట్లోకి రావాలన్నా గుమ్మం పట్టుకుని, "అక్కా! పడిపోతన్నాను! ఒచ్చి సెయ్యట్టుకో!" అని ఆమదాలవలస స్టేషన్లో రైలు ఉలిక్కిపడేలా కేకేసేది.

విచిత్రమేమిటంటే తుంటి విరిగింది చినత్తకి కాదు. ఆ అక్కకి, అంటే చినత్త తోటికోడలూ మా అత్తగారూ అయిన నారాయణమ్మకి.

అత్తగారు కళ్ళంలో నిలబడి ఒక్క చూపుతో ధాన్యం బస్తాలు లేపించిన మనిషి. శ్రావణంలో పెరటి గచ్చు మీద పాచికి కాలు జారింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది. అత్తగారు మాత్రం మంచానికి అతుక్కుపోయింది.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి అనిత నచ్చజెప్పి చూసింది. "ఇలాగే పడుకుంటే కాళ్ళలో కండ కరిగిపోద్ది మామ్మా. ఆనక నడుద్దామన్నా నడవలేవు."

"నాకేటి పనుందని నడవాల?" అంటూ అత్తగారు గోడవైపు తిరిగింది. వాకర్ తెచ్చిపెడితే దాని మీద తువ్వాలు ఆరేయించింది. కానీ కాళ్ళు కిందికి దించినప్పుడల్లా మంచం పట్టెని ఎలా బిగించి పట్టుకునేదో నేను చూశాను. వేళ్ళు తెల్లబడిపోయేవి. భయమేస్తోందా అత్తా అంటే కొట్టేలా చూసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పక్క వాటాలో ఉండే చినత్తకి ఈ జబ్బు పట్టుకుంది.

"అక్కా! పడిపోతన్నాను!"

"పడు. పీడా పోతాది."

"నిజంగానే అక్కా! కళ్ళు తిరుగుతన్నాయి!"

"ఒసే రాజకుమారీ, ఎల్లి దాన్ని పట్టుకోయే!"

నేను పరుగెత్తితే చినత్త నా చెయ్యి విదిలించేసేది. "నువ్వు పట్టుకుంటే నాకు ధైర్నం రాదే. అక్కే రావాల."

అత్తగారు తిట్లు లంకించుకునేది. ఆ తిట్లు గోడ దాటి సరిగ్గా అందడం లేదని అనుమానమొచ్చిందో ఏమో, ఒకనాడు తువ్వాలు విసిరేసి వాకర్ అందుకుంది. కాళ్ళు వణుకుతూనే పక్క వాటా గుమ్మం దాకా వెళ్ళి, చినత్త చెయ్యి పట్టుకుని, "ఇంత వయసొచ్చింది, నడవడం రాదేటే నీకు? కింద సూసి అడుగెయ్యి!" అంటూ వంటింట్లోకి తీసుకుపోయింది.

అక్కణ్ణుంచి చినత్త భయం రోజురోజుకీ దూరాలకి పాకింది. ముందు వంటింటి దాకా, తర్వాత వీధరుగు దాకా, ఆ తర్వాత అరటిపళ్ళ బండి దాకా. పెరట్లోకి మాత్రం అత్తగారు తొంగి కూడా చూసేది కాదు.

ఒక మధ్యాహ్నం వాన వెలిసింది. డాబా మీద నేను దండెం కడుతుంటే పెరట్లోంచి కేక వినిపించింది. తొంగి చూశాను. అత్తగారు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే చినత్త నిలబడి ఉంది. అత్తగారు మెట్టు దిగి గచ్చు అంచున ఆగింది. అరుద్దామంటే అత్తగారు బెదిరి పడుతుందేమోనని నోరు నొక్కుకున్నాను.

అత్తగారు వాకర్ ముందుకి జరిపింది. దాని కాలు జర్రుమంది.

"నరసమ్మా... నానొల్లనే" అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చినత్త కూడా వినలేదనుకుంటాను. కేకలు ఠక్కున ఆపేసింది.

"సర్లే అక్కా. నువ్వు రావొద్దు, నానే వస్తాను" అని గబగబా అడుగేసింది. వేసీ వెయ్యగానే నిజంగానే జారింది!

రెండు చేతులూ గాల్లో తిరిగాయి. ఈసారి కేక లేదు. అత్తగారు వాకర్ వదిలేసింది. ఎలా వెళ్ళిందో తెలీదు, వెళ్ళి చినత్త జబ్బ పట్టుకుంది. ఇద్దరూ అటు ఊగారు, ఇటు ఊగారు. నేను మెట్లు దిగేసరికి ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని, రొప్పుతూ నిలబడి ఉన్నారు.

"సచ్చినదానా! ఇప్పుడే సచ్చేదానివి!" అంది అత్తగారు. వాకర్ సంగతి మర్చిపోయి, చినత్తని పట్టుకుని లోపలికి నడిపించింది.

కాసేపటికి చినత్తని చాటుకి లాగి నిలదీశాను. "నీకేమైనా మతి పోయిందా? ఇద్దరూ పడితే?"

"పడకూడదనే గదే, పొద్దున్నే పీచెట్టి పాచంతా రుద్దీసి ఇసక జల్లినాను! పాడు ఇసక, దాని మీదే జారీసినాను."

"మరి నీ భయం?"

"నాకు భయమేటే? ఇప్పుడు సెప్పు, బావిలో దిగమంటే దిగుతాను. మా అక్క బతిమాలితే లేవదు, ఏడిస్తే లేవదు. ఒకల్ని తిట్టడానికైతే లేస్తాది. అందుకని తిట్టించుకుంతన్నాను. దానికి మాత్రం సెప్పీకు!"

సాయంత్రం అత్తగారి కాళ్ళకి నూనె రాస్తున్నాను. ఉండబట్టలేక, "పాపం, చినత్తకి ఎంత భయమో" అన్నాను.

"దానికా? భయమా?" అత్తగారు మెల్లగా నవ్వింది. "పెళ్ళై ఒచ్చినకాణ్ణుంచి ఎరుగుదును. అది అబద్దమాడితే గొంతు కీసుమంటాది. మొదటి దినమే తెలిసిపోనాది."

"తెలిసీ వెళ్ళేదానివా!"

ఆవిడ చీర అంచు మోకాలి మీదికి సర్దుకుంది.

"భయం నాకేనే. సెయ్యి కావాల. పట్టుకో అని అడగడానికి నోరు రాదు. నా బదులు అదే అరుస్తాది గదా."

"మరి అన్నన్ని తిట్లు దేనికత్తా?"

"తిట్టకపోతే దానికి అనుమానం రాదేటి?"