గుగ్గిలం నాంచారయ్య

బందరులో రేకుల కప్పు కారితే నాంచారయ్యను పిలవాల్సిందే. గిలకలదిండి పల్లెవాడు. పడవ చెక్కల సందుల్లో పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసి నీళ్లు ఆపడం వాళ్ల తాతల నాటి పని. ఊళ్లో రేకుల ఇళ్లు పెరిగాక అదే గుగ్గిలం కుండ పట్టుకుని కప్పులెక్కాడు. మేకు రేకు మిట్టమీద కొట్టాలిగానీ పల్లంలో కొడితే నీళ్లన్నీ ఆ కన్నంలోకే దిగుతాయని మా అందరికీ చెప్పింది అతనే. పేరుమోసిన మేస్త్రీలకు కూడా ఆ ముక్క తెలియదు. మీసాలు మాత్రం తిప్పేవారు.

మా ఇల్లు బాగుచేయించిన ఏడు నేను కక్కుర్తి పడ్డాను. బడిపంతులు జీతం మరి, ఏం చేయను! "మేకులూ పై అతుకులూ పూస్తే చాల్లేవయ్యా, కింది అంచులు వదిలెయ్" అన్నాను.

"పడవకైతే ఇలా సగం పూత పూసి వదులుతామా అండీ పంతులుగారూ? మునిగి చావమూ!" అని గొణుక్కుంటూనే నేను చెప్పినంత మేరే పూసి దిగాడు.

అతనికి ఒక్కతే చెల్లెలు, బుల్లెమ్మ. మొగుడు సముద్రం మీదికి వెళ్లాడు, పడవ తిరిగొచ్చింది గానీ అతను రాలేదు. పడవలో అతని వాటా అమ్మి, రేకుల కొట్టు వేసుకుని ఎండుచేపల వ్యాపారం పెట్టుకుంది. వేసవిలో ఎండబెట్టిన చేప వానాకాలమంతా పొడిగా ఉంటేనే ఆమెకు తిండి. తడిసిందా, అయినవాళ్లను వదిలి గుడివాడ బియ్యం మిల్లులో కూలికి పోవాల్సిందే. ఆ మాటంటేనే ఆమెకు హడలు.

అందుకే చెల్లెలి కొట్టు దగ్గర నాంచారయ్య చేతికి అడ్డూ ఆపూ లేకపోయింది. పైనా కిందా ఒక్క సందు వదలకుండా పీచు కూరి, రెండేసి పూతలు పూశాడు. "వానదేవుడు దిగొచ్చినా చుక్క దూరదే బుల్లెమ్మా!" అని మురిసిపోయాడు.

రెండు వానాకాలాలు నిజంగానే చుక్క దూరలేదు. మూడో ఏడు కార్తీకంలో గాలివాన కొట్టింది. అంత పెద్దదేమీ కాదు, మా ముసలి కప్పే కదల్లేదు. బుల్లెమ్మ కొట్టుమీద రేకులు మాత్రం అతుకుల దగ్గర అప్పడాల్లా విరిగి ఎగిరిపోయాయి. చేపంతా నాని, మూడో రోజుకల్లా పురుగు పట్టింది. ఆమె తట్టలకెత్తుకుని కాలవలో పారబోస్తుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను.

వారం తర్వాత నాంచారయ్య మా ఇంటికొచ్చి, అడగనైనా అడగకుండా కప్పెక్కాడు. ఎంతకీ దిగడు. చివరికి నేనే నిచ్చెనెక్కాను. అతని చేతిలో చెల్లెలి కొట్టు రేకు ముక్క ఉంది. పైన గుగ్గిలం చెక్కుచెదరలేదు. అడుగున ఇనుమంతా తుప్పు పొడి.

"కప్పు పడవ కాదండీ," అన్నాడు. "ఉప్పుగాలి చెమ్మ రేకుల మధ్యన ఊరుతుంది. మీకు కింద సందు వదిలానా, కారిపోయి ఆరింది. చెల్లెలి కొట్టుకేమో చెమ్మ పోయే దారే లేకుండా మూసేశాను. లోపలే నిలవుండి తినేసింది. పరాయోళ్ల కప్పులన్నీ బాగున్నాయండీ. నా చెల్లెలిదే..." అని వెక్కివెక్కి ఏడ్చాడు.

అతి పనికిరాదన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఛీ, నాకే సిగ్గేసింది. నా ఇల్లు నిలబెట్టింది నా పీనాసితనం.

"బుల్లెమ్మకు చెప్పావా?"

"ఏ నోటితో చెప్పనండీ?"

ఆమె గుడివాడ బండెక్కే రోజు స్టేషనుకు నేనూ వెళ్లాను. ఒక్క మూట పట్టుకుని నిలబడింది. "మా అన్నయ్య చెయ్యి పడబట్టి రెండేళ్లయినా ఆగిందండీ పంతులుగారూ, లేకపోతే మొదటి ఏడే పోయేది" అంది నాతో. తర్వాత అతని వైపు తిరిగింది.

"బెంగెట్టుకోకు అన్నయ్యా. నాలుగేళ్లు ఒళ్లొంచి మళ్లీ రేకులు కొంటాను. అప్పుడూ నువ్వే పుయ్యాలి. ఇంకెవర్నీ ఎక్కనివ్వను."

నాంచారయ్య నోరు తెరిచాడు. ఇప్పుడైనా చెప్తాడనుకున్నాను.

"అలాగేనమ్మా" అన్నాడు.