చెరిసగం పాస్‌వర్డ్

నేను మొదట స్థిరంగా ఉద్యోగం చేసింది ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. తమిళనాడులోని ధర్మపురి నుంచి నల్లంపల్లి పోయే దారిలో, హైవేకి కాస్త లోపలగా ఉండేది. యజమానులు ఇద్దరు అన్నదమ్ములు. మా ఇంట్లో లాగే వాళ్లదీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అందరూ వాళ్లను పెద్ద ముదలాళి, చిన్న ముదలాళి అని పిలిచేవారు, తమిళంలో యజమాని అని. నేను చేరేనాటికే ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఎందుకని అడిగితే ఫ్యాక్టరీలో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పేవారు. ఒకరేమో గేటు రంగు దగ్గర చెడిందనేవారు, ఇంకొకరు పనసచెట్టు దగ్గర అనేవారు. ఫ్యాక్టరీలో పనసచెట్టే లేదు.

ఆఫీసు గదిని ప్లైవుడ్ గోడతో రెండుగా చీల్చి చెరోవైపు కూర్చునేవారు. గోడ చివర, ఇద్దరి వైపు నుంచీ తలుపులున్న చిన్న గదిలో సర్వర్ ఉండేది. ఆ గదిలోనే నా కుర్చీ. ఎవరి తోట పండు ఎప్పుడు వచ్చింది, కాటా మీద ఎంత తూగింది, ఏ డ్రమ్ములో ఏ గుజ్జు నింపారు అన్నదంతా ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లో ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండడం నా పని. అదనంగా, జీతంలో లేని పని ఇంకొకటి ఉండేది. పెద్దాయన మాట చిన్నాయనకు, చిన్నాయన మాట పెద్దాయనకు చేరవేయడం. ప్లైవుడ్ పలచన కాబట్టి నేను చెప్పకముందే ఇద్దరికీ వినబడేది. అయినా నేను చెప్పేదాకా ఎవరూ విన్నట్టు కనిపించేవారు కాదు.

ఒక సీజన్‌కు ముందు విదేశంలోని కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చింది. రైతుల వివరాలు, తయారీ కొలతలు ఉన్న డేటాబేస్ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయాలి, లేకపోతే ఆర్డర్ ఇవ్వలేమని.

"ఏమంటా ఉండారు పాపా?" అన్నాడు పెద్ద ముదలాళి.

"మన ఫైళ్లకు బీగం ఎయ్యమంటా ఉండారయ్యా," అన్నాను, సులువుగా అర్థమవుతుందని.

మర్నాడు ఆయన అరచేయంత దిండుగల్లు తాళం తెచ్చాడు. వెల్డర్‌ను పిలిపించి సర్వర్ ఉన్న ఇనుప బీరువాకు కొక్కెం పెట్టించి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. "ఫోటో తీసి పంపు," అన్నాడు. పంపాను. తాళం చాలా బలంగా ఉన్నట్టుంది, సంతోషం, కానీ మేమడిగింది అది కాదని వాళ్లు మర్యాదగా రాశారు. ఈలోగా గోడ అవతలి నుంచి చిన్న ముదలాళి, ఆ బీగంచెవి ఎవరి దగ్గర ఉందని నన్ను అడిగాడు. పెద్దయ్య దగ్గరని చెప్పాను. సాయంత్రానికి దాని పక్కన రెండో తాళం వేలాడుతోంది.

ఇక లాభం లేదని, ఇద్దరి తలుపులూ తెరిచి పెట్టి మధ్యలో నిలబడి చెప్పాను. బీరువాకు కాదు, లోపలి రాతకు తాళం వేయాలి. అప్పుడు ఎవరైనా డిస్కు పీకి ఎత్తుకుపోయినా అందులో ఉన్నది కోడి గెలికినట్టే కనబడుతుంది, చదవలేరు.

"మనది ఎవురు ఎత్తుకొని పోతారు?" అని పెద్దాయన ప్లైవుడ్ వైపు చూశాడు. అవతలి నుంచి దగ్గు వినిపించింది.

ఒక ఆదివారం, మిషన్లు ఆగి ఉన్నప్పుడు ఆ పని చేశాను. ముందు మొత్తం బ్యాకప్ తీసి, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో వేరే కంప్యూటర్‌లో చూసుకున్నాను. తర్వాత తాళం చెవిని తయారుచేశాను. చెవి అంటే పొడవాటి అంకెల వరస, అంతే. దాన్ని దాచడానికి ఒక పెట్టె ఉంటుంది, కీస్టోర్ అంటారు. పెట్టె కూడా ఒక చిన్న ఫైలే. ఆ పెట్టెకు పాస్‌వర్డ్. ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా ఎన్‌క్రిప్ట్ అయ్యాయి. ఏ ఒక్కటీ మొరాయించలేదు. ఆ ఏడాది సాఫీగా జరిగిన పని అదొక్కటే.

అసలు తంటా సోమవారం మొదలైంది. సర్వర్ ఆగి మళ్లీ లేచినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టి పెట్టె తెరిస్తేనే డేటాబేస్ నోరు విప్పుతుంది, వద్దనుకుంటే దానంతట అదే తెరుచుకునేలా కూడా పెట్టొచ్చు, ఏది కావాలి అని అడిగాను.

"దానంతట అదే తెరుచుకొనేదానికి బీగమని పేరెందుకు?" అన్నాడు పెద్దాయన.

గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది. "పాపా, అది నిజమేనని చెప్పు."

వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర మళ్లీ విడిపోయారు. మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగాక తేలిందేమిటంటే, చెరిసగం. మొదటి సగం పెద్దాయన కొట్టాలి, రెండో సగం చిన్నాయన. ఒకరిది ఒకరికి తెలియకూడదు, నాకు ఇద్దరిదీ తెలియకూడదు. పెద్ద పెద్ద బ్యాంకుల్లో కూడా ఇలాగే చేస్తారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అక్కడ దానికి పేరు కూడా ఉందట. మా దగ్గర దానికి కారణం వేరు.

"ఈ పెట్టె ఫైలు పోయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా అంతే సంగతులు. నేను కాదు, ఈ సాఫ్ట్‌వేర్ చేసినోళ్లు వచ్చినా తెరవలేరు," అని చెప్పి చెరొక పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు కాపీ ఇచ్చాను. పెద్దాయన తనదాన్ని దేవుడి అరలో పెట్టి బొట్టు పెట్టించాడు. శుక్రవారం ఇల్లు శుద్ధిచేస్తూ దాని మీద పసుపునీళ్లు కూడా చల్లారు. చిన్నాయన తనదాన్ని బండి తాళాల గుత్తికి తగిలించుకుని వానలో తిరిగాడు. ఇద్దరికీ చెప్పే, మూడో కాపీ నేను వేరుగా దాచాను.

మా ఫ్యాక్టరీకి కరెంటు పోవడం కొత్త కాదు. జనరేటర్ అందుకునేలోగా యూపీఎస్ కాయాలి. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అది ఎవరి సగంలోకి వస్తుందో తేలక ఎవరూ కొత్తది కొనలేదు. అంచేత కరెంటు కన్ను కొడితే చాలు, సర్వర్ పడిపోయేది. నేను ఇద్దరినీ పిలిచేదాన్ని. పెద్దాయన వచ్చి, నన్ను గోడవైపు తిరగమని, ఒంటివేలితో తన సగం కొట్టి వెళ్లేవాడు. ఆయన తలుపు మూసుకున్నాక చిన్నాయన తలుపు తెరుచుకునేది. మళ్లీ నేను గోడవైపు. ఆ గోడ మీద ఎక్కడ సున్నం పెచ్చు లేచిందో నాకు ఈనాటికీ గుర్తుంది.

సీజన్‌లో కాటా కూడా ఆ డేటాబేస్ మీదే నడిచేది. కరెంటు పోయి వచ్చాక కూడా కాటా పనిచేయకపోతే, బండ్ల దగ్గర నిలబడ్డ రైతులు కరెంటు సంగతి అడగడం మానేశారు. "అన్నదమ్ములు వచ్చినారా?" అని అడిగేవారు.

ఆ వేసవిలో వాళ్ల చెల్లెలి కొడుక్కి చెవులు కుట్టే పండగ వచ్చింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టాలి కదా. మేనమామలు ఇద్దరు. పెద్దవాణ్ణి కాబట్టి నా ఒళ్లోనే అని పెద్దాయన అన్నాడు. అయితే నాకు పనుంది అని చిన్నాయన హొగేనక్కల్ జలపాతానికి వెళ్లిపోయాడు. ఆ పని నూనె మర్దన.

ఆ రోజు సరిగ్గా పొద్దెక్కే వేళకు కరెంటు పోయి వచ్చింది. తోతాపురి మామిడి బండ్లు గేటు బయట నుంచి హైవే దాకా నిలిచిపోయాయి. వెల్లిచందై నుంచి వచ్చిన ఒక రైతు నా కిటికీ దగ్గరికొచ్చి, "ఏం తల్లీ, మీరు గుజ్జు తీసే పనే లేదు, బండిలోనే అయిపోతాంది," అన్నాడు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. వెనక మేళం మోగుతోంది. "ఇప్పుడెట్లా వచ్చేది పాపా? బిడ్డ ఒళ్లో ఉండాడు. ఒక చెవి అయింది, ఇంగొక చెవి ఉండాది."

"ఫోన్లోనే చెప్పండయ్యా. తెరిచినాక పాస్‌వర్డ్ మార్చేస్తాను."

"ఇంతమందిలో అది చెప్పే మాట కాదు," అన్నాడు.

చిన్నాయనకు చేస్తే మర్దన చేసే మనిషి ఎత్తాడు. అయ్య నూనెలో ఉన్నారు, ఫోన్ పట్టుకుంటే జారిపోతుంది అన్నాడు తమిళంలో. చెవి దగ్గర పెట్టమన్నాను. "ఫోన్లోనా? కుదరదు. వస్తా ఉండాను," అన్నాడు చిన్నాయన.

ముందు ఒక వ్యాన్ వచ్చింది. పట్టుపంచెతో పెద్దాయన దిగాడు, చంకలో ఏడుస్తున్న పిల్లవాడు. ఒక చెవిలో బంగారు పోగు, రెండో చెవి బోసి. రెండో చెవి కుట్టేదాకా బిడ్డను మేనమామ చేతి నుంచి దించకూడదని ఎవరో పెద్దావిడ అన్నదట, అందుకని అలాగే ఎత్తుకొచ్చాడు. వెనకే చెల్లెలు, కంసాలి, మేళం వాళ్లలో ఇద్దరు, చివరగా అన్నదమ్ముల తల్లి. అవ్వకు కొంచెం చెవుడు.

ఆ తర్వాత జీపులో చిన్నాయన వచ్చాడు. ఒంటి నిండా నూనె, నడుముకు తువ్వాలు. సీటు పాడవుతుందని డ్రైవర్ పరిచిన పేపరు వీపుకు అతుక్కుని వచ్చింది. దాని మీద నగల దుకాణం ప్రకటన ఉంది. అందరికీ కనిపిస్తోంది గానీ ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని తన సగం కొట్టాడు. చిన్నాయన తువ్వాలుకు వేళ్లు తుడుచుకుని తన సగం కొట్టాడు. తప్పు అని వచ్చింది. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పు.

"పాపా, నూనె చేత్తో ఏదో కొట్టినాడని చెప్పు."

"పాపా, బిడ్డ పక్కన ఇంకేదో మీట నొక్కినాడని చెప్పు."

ఒకే గదిలో, ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ, నాతో చెప్పుకుంటున్నారు. బయట లారీల హారన్లు మొదలయ్యాయి. అవ్వ గుంపును తోసుకుని లోపలికొచ్చింది.

"ఏమిరా, ఆ మాటేందో చెప్పేస్తే పోలేదా? ఈ పాప కొడతాది."

ఇద్దరూ తలలు వంచుకున్నారు. అవ్వ వదల్లేదు. చివరికి పెద్దాయన ఆమె చెవి దగ్గర గొణిగాడు. చెవుడున్న మనిషికి గొణిగితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు.

"ఏందీ?" అంది అవ్వ, గేటు దాకా వినబడేలా. "తమ్ముడు కోతా?"

చెల్లెలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన అన్నను తేరిపార చూశాడు. "నువ్వట్లా చూడబాకరా. నీదేంది?" అంది అవ్వ. ఇక గొణిగి లాభం లేదని అతను గట్టిగానే చెప్పాడు. "అన్న దున్నపోతు."

"ఒకడు కోతి, ఒకడు దున్నపోతు. నేను బిడ్డల్ని కన్నానా, సర్కస్ పెట్టినానా?"

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. చిన్నాయన తన సగం అక్షరం అక్షరం తడుముకోకుండా చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి, "కోతికి హెచ్ ఉందా, లేదాయ్యా?" అని అడిగాను.

పెద్దాయన పెదవి విరిచాడు. "కుడిచేత్తో కొడితే వేలికి తెలుసు పాపా, నాకు తెలీదు. ఇయ్యాల కుడిచేతిలో బిడ్డ ఉండాడు, ఎడమచేత్తో కొట్టినాను."

పిల్లవాణ్ణి ఎడమచేతికి మార్చుకోమంటే ఆ చేతి మీద బిడ్డ నిలవడన్నాడు, దించమంటే పెద్దావిడ చెప్పింది గుర్తుచేసి ఒప్పుకోలేదు. దాంతో చర్చ మొదలైంది. హెచ్ లేకుండా కోతి ఎలా వస్తుంది, అది కోటి అవుతుందని కంసాలి అన్నాడు. కిటికీలోంచి లారీ డ్రైవర్ ఒకతను, తన పేరులో రెండు హెచ్‌లు ఉన్నాయని, తమిళనాడులో హెచ్ లేకుండా ఏదీ ఉండదని చెప్పాడు. అయితే తమ్ముడికి కూడా హెచ్ ఉండాలి కదా అన్నారు మేళం వాళ్లు. తమ్ముడికి పెట్టి కోతికి తీసేసి చూశాను, రెండింటికీ పెట్టి చూశాను, రెండింటికీ తీసేసి చూశాను. ఆఖరికి కోతికి హెచ్ ఉంచి తమ్ముడికి తీసేస్తే పెట్టె తెరుచుకుంది. కాటా దగ్గర అంకెలు వెలిగాయని బయట ఎవరో కేక వేశారు. డోలు అతను ఉండబట్టలేక రెండు దెబ్బలు వేశాడు.

అప్పుడు కంసాలి, మంచివేళ దాటిపోతోంది, రెండో చెవి సంగతి చూడండి అన్నాడు. పెద్దాయన కుర్చీలో సర్దుకోబోయాడు.

"నువ్వు లెయ్యి," అంది అవ్వ. "ఒక చెవి నీ ఒళ్లో అయింది కదా. ఇంగొకటి వాడి ఒళ్లో."

చిన్నాయన కూర్చున్నాడు. పిల్లవాడు నూనె తొడల మీద నిలవకుండా జారిపోతున్నాడు. పెద్దాయన గబుక్కున వంగి, తమ్ముడి వీపుకు అతుక్కున్న పేపరును పరపరా పీకి అతని ఒళ్లో పరిచాడు. బిడ్డ తల కదలకుండా తనే పట్టుకున్నాడు. సర్వర్ రొద చేస్తుండగా, ఏసీ గాలిలో, రెండో చెవి కుట్టడం అయిపోయింది. ఇంత చల్లని చోట తానెప్పుడూ పని చేయలేదన్నాడు కంసాలి. పిల్లవాడు ఏడుస్తూనే నా మౌస్ తీగ పట్టుకుని లాగాడు. అది ఊడొచ్చింది గానీ దానివల్ల నష్టమేమీ జరగలేదు.

ఆ పూటే పాస్‌వర్డ్ మార్చాను. మార్చక తప్పదు, హైవే మీద ఆగిన బండ్లవాళ్లందరికీ అది తెలిసిపోయింది. ఈసారి సగం కావాలని ఎవరూ అడగలేదు. మా సర్వర్ మీద మాత్రం పెట్టె దానంతట అదే తెరుచుకునేలా పెట్టి, దాని కాపీ ఒకటి అవ్వ పేరు మీదున్న బ్యాంకు లాకర్‌లో, ఒకటి చెల్లెలి ఇంట్లో ఉంచాం. అవ్వ గట్టిగా చెప్పడంతో చిన్నాయన కొత్త బ్యాటరీ కూడా కొన్నాడు. అన్నదమ్ములు కలిసిపోయారని చెప్పలేను. నా ద్వారానే మాట్లాడుకునేవారు. కాకపోతే అప్పుడప్పుడు, మరీ కోపం వచ్చినప్పుడు, నన్ను మరిచిపోయి నేరుగా తిట్టుకునేవారు.

మరుసటి ఏడు సీజన్ అయ్యాక, అసలు తాళం చెవిని ఏడాదికొకసారి మార్చడం మంచిదని చెప్పాను. పెద్దాయన పంచాంగం చూసి రాహుకాలం కాని సమయం పెట్టాడు. చిన్నాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇద్దరూ సర్వర్ గదిలో చెరో స్టూలు మీద కూర్చున్నారు. నేను ఒక వరస ఆదేశం కొట్టి, మీట నొక్కాను.

"అయిపోయిందయ్యా," అన్నాను.

"ఏందీ, అంతేనా?" అన్నాడు పెద్దాయన.

"అంతేనయ్యా."

ఇద్దరూ స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయారు. ముందు లేచిపోతే రెండోవాడు గదిలో మిగులుతాడు కాబట్టి ఎవరూ లేవలేదు. చూసి చూసి, అన్నం డబ్బా తీసుకుని నేనే బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని తిన్నాను. పెరుగన్నం, మాగాయ. నేను చెయ్యి కడుక్కుని తిరిగి వచ్చేసరికి కూడా వాళ్లు అలాగే కూర్చుని ఉన్నారు. ఆ బ్యాటరీ ఎంతకు కొన్నావని తమ్ముణ్ణి అన్న అడుగుతున్నాడు.