బస్సు వెనక మార్తమ్మ టీచర్

నిన్న కాజీపేట వంతెన మీద ఎవడో కుర్రాడు బైకుతో నా స్కూటర్‌కూ ఆటోకూ మధ్య దూరి, నా మోచేతిని గీరుకుంటూ పోయాడు. వాడి సైలెన్సర్ పొగ వేడిగా ముఖాన కొట్టింది. తిట్టడానికి నోరు తెరిచేలోపే మాయమయ్యాడు. మంట మోచేతిలో ఉంటే, కోపం మాత్రం మార్తమ్మ టీచర్ మీదికి పోయింది. చనిపోయిన మనిషి మీద కోపమేమిటంటారా? ఆమె స్కూటర్ వెనక మీరెప్పుడూ కూర్చోలేదు కదా, మీకేం తెలుసు!

ఆమె మా పక్కింటావిడ. మిషన్ బడిలో సోషల్ చెప్పేది. పెళ్లయ్యాక చదువు అటకెక్కించిన నన్ను కూర్చోబెట్టి పీజీ దాకా చదివించిందీ, స్కూటర్ నేర్పిందీ ఆమే. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచీర కుచ్చిళ్లు దోపుకుని మైదానంలో నా వెంట పరుగెత్తేది. బ్రేకు కన్నా ముందు నేర్పిన పాఠం, ఆగిన బండ్ల మధ్య సందు దారి కాదని. సిగ్నల్ దగ్గర అందరూ పాముల్లా ముందుకు జారిపోతుంటే ఆమె బస్సు వెనకే నిలబడేది. ఒకసారి వెనకవాడు హారన్ మీది నుంచి చేయి తీయకుండా, "ఓ మేడమ్, అది స్కూటరా, బీరువానా? జర జరుగున్రి!" అని అరిచాడు. ఆమె తాపీగా వెనక్కి తిరిగి, "బీరువానే బిడ్డా. దీన్ల నా పాణం దాసుకున్న," అంది. నాకు నవ్వూ వచ్చింది, తల తీసేసినట్టూ అయింది.

ఆ నవ్వు నా లెక్చరర్ పరీక్ష రోజున ఆగిపోయింది. సర్కారు కొలువుకు వయసు దాటిపోయే ముందు నాకున్న చివరి అవకాశం అది. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. నన్ను వెనక కూర్చుని నోట్సు తిరగేసుకోమని టీచరే బండి నడిపింది. వంతెన మీద లారీ ఒకటి చెడిపోయి ట్రాఫిక్ బిగుసుకుంది. దిగి పరుగెత్తినా అందే దూరం కాదు. బైకులన్నీ మా ముందున్న బస్సుకూ లారీకీ మధ్య దూరి పోతున్నాయి.

"టీచర్, మీకు దండం పెడ్త, ఆ సందుల పోనియ్యున్రి."

"బస్సు డ్రైవర్‌కు మనం కనబడం విమలా."

"పోవద్దని ఏ చట్టంల ఉన్నది? అమెరికాల ఒక రాష్ట్రంల పోవచ్చంట, పేపర్ల చదివిన!"

"గా రాష్ట్రంల రాస్తున్నవా పరీక్ష? ఇక్కడి రూలు లైన్ల ఉండుమంటది."

"లైను ఏడున్నది టీచర్? రోడ్డు మీద గీత గూడ లేదు!"

"మనం నిలబడితె ఉంటది."

మేం చేరేసరికి గేటు మూసి ఉంది. బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. తెరవలేదు. మమ్మల్ని దాటిపోయిన బైకుల్లో ఒక్కటీ పడలేదు, ఎవరి కాలూ విరగలేదు. ఇది నీతికథ కాదని అందుకే చెబుతున్నాను. "మీ రూలు నా నోట్ల మన్ను గొట్టింది," అన్నాను. నీ మంచికే అంటుందనుకున్నాను, అంటే కొట్టేదాన్నేమో కూడా. ఆమె అనలేదు.

"నా వల్లనే నీ పరీక్ష పోయింది. తిట్టు బిడ్డా, నీకు హక్కున్నది. కాని రేపు గూడ నేను బస్సెనకనే నిలబడ్త."

చాలా రోజులు ఆమె గడప తొక్కలేదు. నేటికీ ప్రైవేటు కాలేజీలోనే గొంతు చించుకుంటున్నాను. రూలు పేరు చెప్పి ఎదుటివాళ్ల కడుపు కొట్టి, అదంతా వాళ్ల మేలుకేనని నమ్మబలికే పెద్దలను ఈ ఉద్యోగంలో చాలామందినే చూశాను. తన పట్టుదల నాకేం నష్టం చేసిందో నా ముఖం చూసి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. ఎక్కడ ట్రాఫిక్ ఆగినా నేను మనసులో ఆమెతో వాదన మొదలుపెడతాను. ప్రతిసారీ నేనే గెలుస్తాను. హ్యాండిల్ మాత్రం సందువైపు తిరగదు.