తోమకూడని తుపాకీ

మక్బూల్ సాబ్ రోజూ పొద్దున చాయ్ ముట్టకముందే కళ్లద్దాలు పెట్టుకొని గోడమీది పాత తుపాకీని పరీక్షిస్తాడు, ఇంట్లోవాళ్లెవరైనా దాన్ని శుభ్రం చేశారేమోనని. ఇబ్రహీంపట్నంలో ఇల్లు మురికిగా ఉందని పెళ్లాం మీద అరిచే మగవాళ్లకు కొదవలేదు. శుభ్రంగా ఉందని అరిచేవాడు ఈయనొక్కడే.

అది ఏనాటిదో ఫౌజు తుపాకీ. గొట్టంలో సీసం పోసి మూసి తరాలు గడిచాయి. ఇప్పుడది పిల్లిని కూడా బెదిరించలేదు. అయినా దానిమీది కిరీటం ముద్ర, 1862 అంకె, గొట్టం కింద ఒదిగి ఉండే మందు దట్టించే ఇనుప కడ్డీ, అన్నీ పుట్టుకతో వచ్చినవేనని ఆయన గర్వం. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన కండక్టరు కళ్లు రిటైరయ్యాక దేన్నీ నమ్మడం మానేశాయి. పెళ్లికి పోతే కుర్చీ తిరగేసి, "మూడు కాళ్లు అసలువి, నాలుగోది మార్చిండ్రు" అంటాడు. వియ్యంకుడి పళ్లు కట్టుడువని తేల్చేదాకా భోజనానికి లేవడు.

ఒక పండక్కి భార్య మెహబూబ్ బీ ముచ్చటపడి తుపాకీ ఇత్తడి భాగాలను చింతపండుతో తోమింది. బంగారంలా మెరిశాయి. మక్బూల్ సాబ్ కూలబడ్డాడు.

"నూటరవై ఏండ్ల మరక! పోగొట్టినవ్ గదనే!"

"మరకకు గూడ ఏడుస్తరా?"

"మరకనే దాని ఇలువ!"

"గట్లయితే మీ బనీన్లు గూడ ఉతకను. మస్తు ఇలువొస్తయి."

ఆ రోజు ఆయన అన్నం మానేశాడు, బిర్యానీ దింపేదాకా.

మొన్నామధ్య వెనకింటి యాదలక్ష్మి అటకమీద సరిగ్గా అలాంటి తుపాకే దొరికింది. అది అమ్మి బస్టాండు పక్కన దుకాణానికి షెటర్ కిరాయికి తీసుకొని కుట్టుమిషన్లు పెట్టాలని ఆమె ఆశ. షెటర్ ఆసామి శుక్రవారం దాకే ఆగుతానన్నాడు. పాత తుపాకులు సేకరించే రమాకాంత్ పట్నం నుంచి వచ్చి, తుపాకీ కాగితాలు చూసి, కొంటానని తలూపాడు. పిలవకపోయినా హాజరైన మక్బూల్ సాబ్ ఆగలేకపోయాడు.

"కడ్డీ ఏదమ్మా? తోక లేని నక్క ఇది!"

రమాకాంత్ అప్పుడు చూసుకున్నాడు. తుపాకీ కింద పెట్టేశాడు. "ఆ కాలం నాటి అసలు కడ్డీ దొరికితే ఫోన్ చెయ్యమ్మా. లేకుంటే నాకొద్దు."

యాదలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. "జర నోరు మూస్కుంటే ఏం పోతుండె సాబ్?"

ఇంటికొచ్చాక మెహబూబ్ బీ వదల్లేదు. "ఆ గొట్టంల పోసిన సీసం మీ నోట్లె పోయాల్సుండె!"

మక్బూల్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకొని గోడమీది తన తుపాకీ వైపు చూశాడు.

గురువారం పొద్దున యాదలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఎవలో నా గడపల కడ్డీ పెట్టిపోయిండ్రు! గీ చిట్టీ గూడ."

మెహబూబ్ బీ చదివింది: "కడ్డీ అసలుదే. కానీ వేరే తుపాకీది. కొనేవాడికి ఈ సంగతి తప్పక చెప్పాలి. తోమొద్దు."

ఆ కోడిగీతలు ఆమెకు తెలియనివా? లోపలికి తొంగి చూసింది. మక్బూల్ సాబ్ పేపర్లో ముఖం దాచుకొని దగ్గుతున్నాడు.

"అల్లాయే పంపిండేమో," అంది మెహబూబ్ బీ. "జల్ది ఫోన్ చెయ్, పో!"

ఉన్న సంగతి విని కూడా రమాకాంత్ ఆ తుపాకీ కొన్నాడు. ఇప్పుడు బస్టాండు పక్కన యాదలక్ష్మి దుకాణంలో మూడు మిషన్లు నడుస్తున్నాయి. మక్బూల్ సాబ్ తుపాకీకి కడ్డీ లేదు. చూడవచ్చినవాళ్లు ఎందుకని అడిగితే, ఆయన నోరు విప్పకముందే మెహబూబ్ బీ జవాబిస్తుంది: "మేం కొన్ననాడే లేకుండె."