స్టేజ్ ఐవీ

తెలుగు అక్షరాలు నాకు యాభై దాటినంక వచ్చినయ్. ఇంగ్లిష్ అరవై రెండుల షురూ చేసిన. జ్ఞానం కోసం కాదు. మా ఆయన కడుపునొప్పికి దవాఖానల పది రోజులు ఉండి వచ్చిండు. రిపోర్టులన్నీ ఇంగ్లిష్‌ల ఉన్నయ్. ఏం రాసిండ్రే అంటే, మా బిడ్డ "అల్సరే అమ్మా, మందులు వాడితే పోతది" అంటది, నా మొఖం చూడకుంట. ఆయన బోయిగూడ టింబర్ డిపోల కట్టె మోసిన మనిషి. సంతకం సుత రాదు. ఇగ నేనే చదవాలె అనుకున్న.

మారేడ్‌పల్లిల నేను వంట చేసే ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. ఆమెను నేర్పమన్న. ఫైలు సంగతి చెప్పలె.

"ఈ వయసులో ఇంగ్లిష్ ఎందుకే నీకు?"

"బస్సు బోర్డులు చదవనీకె."

"బస్సు మీద తెలుగు కూడా ఉంటుంది కదే" అని నవ్వింది. అయినా నేర్పింది.

రోజూ కూరగాయలు కోసినంక అర్ధగంట. పెద్ద అక్షరాలు జల్ది వచ్చినయ్. చిన్నయి సతాయించినయ్. చిన్న బీకి, చిన్న డీకి పొట్ట ఏ దిక్కో నెల దినాలు గుర్తుండలె. రాసేదొకటి, పలికేదొకటి, ఇదేం భాషమ్మా అన్న ఒకనాడు. "దానికి నీతో పనిలేదు. నీకే దానితో పని" అన్నది. నోరు మూసుకొని రాసిన.

నాలుగు నెలలకు ఫైలు తెరిచిన. ఒక మాట దొరికింది. స్టేజ్. పక్కన ఐ, వి. స్టేజీ అంటే నాకు తెలిసింది బస్సు ఆగే జాగ. టీచరమ్మ డిక్షనరీల చూస్తే "దశ" అని ఉంది. ఐవీ అంటే ఎర్కే, దవాఖానల నర్సులు సెలైన్‌ను ఐవీ అంటుండ్రి. సెలైన్ ఎక్కించే దశ అన్నమాట. అది అయిపాయె గద. ఆ పూట కడుపునిండ తిన్న.

తెల్లారి ఆ కాగితం టీచరమ్మ ముంగట పెట్టి, నేను చదివింది చెప్పిన. ఆమె అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇవి అక్షరాలు కావే. పాతకాలం అంకెలు. ఐ పక్కన వి ఉంటే నాలుగు. ఇది క్యాన్సర్ కాగితం."

"మొత్తం ఎన్ని స్టేజీలుంటయమ్మా?"

"నాలుగే."

ఏడుపు రాలె. పప్పుకు తాలింపు పెట్టి, గిన్నెలు తోమి, బస్సెక్కిన.

మా ఆయన మంచం మీద కూసున్నడు. నా చేతుల ఫైలు చూసిండు. "చదువొచ్చిందంటివి గద. ఏం రాసిండ్రు?"

బిడ్డ తీరు అల్సరే అని చెప్పొచ్చు. నాకు అట్ల చెప్పుడు రాదు. "క్యాన్సర్. ఆఖరుది" అన్న.

తలకాయ ఊపిండు. "బిడ్డకు ఎర్కేనా?"

"ఎర్కే."

"పాపం, ఒక్కతే మోసింది." ఫైలు దిక్కు చెయ్యి చూపి, "మిగిలింది సుత చదువు" అన్నడు.

ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదివిన. అర్థం కాని మాటలే ఎక్కువ. రెండో కాగితం సగానికి వచ్చేసరికి ఆయన నిద్రపోయిండు. నేను ఆపలె.