రుద్రమ్మ గొంతు, హైమవతి గారి మీటలు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో హైమవతి గారికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తెనాలి నుంచి వచ్చి పందొమ్మిదేళ్లు. లోయర్, హయ్యర్ పరీక్షలు రాయించి ఎంతమందినో గవర్నమెంటు ఆఫీసుల్లో కూర్చోబెట్టారు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఆ మేడలో పైనా కిందా కంప్యూటర్ కోచింగులే. నేను పై అంతస్తులో ఒరాకిల్ నేర్చుకునేదాన్ని. మెట్ల మీద జావా వాళ్లకీ మాకూ కాలు పెట్టే చోటుండేది కాదు. మధ్యలో ఆవిడ గదిలో మాత్రం పదకొండు మిషన్లు, నేర్చుకునే పిల్లలు ముగ్గురు.

"ఇన్నేళ్లకి చెవులకి విశ్రాంతి దొరికింది, దొరకనీండి" అని నవ్వేసేవారు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం కమలాకర్ వచ్చాడు. సిరిసిల్ల నేతవాళ్ల ఇంటి పిల్లాడు, ఒకప్పుడు ఆవిడ దగ్గరే టైపు నేర్చుకున్నాడు. ఇప్పుడు పంజాగుట్టలో ఒక రికార్డింగ్ స్టూడియోలో పని.

"మేడం, మా స్టూడియోల అన్నీ కంప్యూటర్లొచ్చినయ్. పాత మ్యూజిక్ కీబోర్డు ఒకటి మూలకు పడేసిండ్రు. ఎవలకన్న ఇచ్చెయ్యమంటుండు మా సార్. మీరు చిన్నప్పుడు హార్మోనియం వాయించేదాన్నన్నరు గద, జర వచ్చి చూడుండ్రి."

"అది పెళ్లికి ముందు మాటయ్యా. వేళ్లకి గుర్తుంటుందా?"

"ఊకె చూడుండ్రి, గంతే."

ఆటో ఎక్కి వెళ్లారు. బల్లంత పొడవు నల్లటి పెట్టె, పదిహేనేళ్ల నాటిది. కమలాకర్ స్విచ్ వేశాడు. హైమవతి గారు ఒక మీట నొక్కారు. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కారు. అదీ అంతే. ఎర్రటి అంకె ఒకటి మిణుకుమంటోంది.

"పాడైపోయిందా?"

"లేదు మేడం. దీనికి సొంతంగ ఏం రాదు. మనం చెప్పాలె." ఫ్లాపీ ఒకటి తోశాడు. లోపల కిర్రుమని గీరుకుంది. కాసేపటికి, "ఇప్పుడు నొక్కుండ్రి" అన్నాడు.

గదినిండా వయొలిన్లు మోగాయి. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు.

నిజానికి ఆ పెట్టెలో వయొలినూ లేదు, తీగా లేదు. ఎక్కడో ఎవరో వాయించిన ఒక్క ముక్కని అంకెలుగా దాచుకుని, మీట నొక్కినప్పుడల్లా అదే వినిపిస్తుంది. కుడివైపు మీటలకు పోతే ఆ ముక్కే వేగంగా, సన్నగా పలుకుతుంది. ఎడమవైపు నిదానంగా, బొంగురుగా. ఒకేసారి ఎనిమిది స్వరాలు పట్టుకోగలదు. తొమ్మిదో మీట నొక్కితే ముందుది తప్పుకుంటుంది.

"మన గొంతు సుత ఎక్కుతది. రెండు మూడు సెకండ్లు" అంటూ కమలాకర్ మైకు చేతికిచ్చాడు.

"ఏమనను?"

"ఏదన్న అనుండ్రి."

పందొమ్మిదేళ్లుగా టైపు పిల్లలతో రోజుకి వందసార్లు అన్న మాటే నోటికొచ్చింది: "చేతులు చూడకు!"

కమలాకర్ కుడివైపు నొక్కితే చిలక అన్నట్టు వినిపించింది. ఎడమవైపు కొసన నొక్కితే గేదె అన్నట్టుంది. హైమవతి గారు స్టూలు మీద కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆ సాయంత్రమే పెట్టె అమీర్‌పేట మెట్లెక్కింది.

ఆవిడ భర్త రఘురామ్ గారు ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవారు. వచ్చి చూసి, "ఏంటిది, మంచమా?" అన్నారు.

"కాదండీ, సంగీతం."

"పడుకోడానికీ పనికొచ్చేలా ఉంది" అని ఒక కొస ఆయనే పట్టి, రెండు టైపు మిషన్లు జరిపించి చోటు చేశారు.

ఇక మొదలైంది. మైకు తీగ కిటికీలోంచి సందులోకి దిగింది. టీ గ్లాసుల గలగల, మిషన్ గంట, మీటల టకటక అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కాయి. ఆ వీధిలో ఫ్లాపీలకు కొదవా? మేమే తెచ్చిచ్చేవాళ్లం. ఆవిడ వాటికి శుభ్రంగా పేర్లు టైపు చేసి అంటించేవారు. అన్నింట్లోకీ గొప్పది "రుద్రమ్మ" అనే ఫ్లాపీ. రుద్రమ్మ మా మెట్ల కింద పూలమ్మేది. "పూలమ్మో... పూలూ!" అన్న ఆమె కేకలో చివరి "లూ" మళ్లీ మళ్లీ తిరిగేలా హైమవతి గారు అమర్చారు. మీట మీద వేలు ఉన్నంతసేపూ ఆ "లూ" తెగదు.

రుద్రమ్మ పైకొచ్చి విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గంత దమ్ము నాకెక్కడిదమ్మా!"

మీటల్ని రెండు భాగాలు చెయ్యొచ్చు. ఎడమచేతి కింద టైపు మిషను తాళం, కుడిచేతి కింద రుద్రమ్మ. పది వేళ్లూ సమంగా నడిచేవి. క్లాసు మధ్యలో మాకు పది నిమిషాలు దొరికితే అక్కడే ఉండేవాళ్లం.

వినాయక చవితికి మండపం కమిటీ పెద్ద ఆనందం వచ్చాడు. సందు చివర దర్జీ షాపు ఆయనది. "అమ్మా, మూడో దినం మీదే ప్రోగ్రాం. కాదనొద్దు."

"నలుగురిలో నేనెప్పుడు వాయించానయ్యా?"

"నలుగురేంది, నాలుగొందల మంది విన్నరు మీ కిటికీలకెంచి!"

ఆ రోజు సాయంత్రం అయిదున్నరకి కోచింగులన్నీ వదిలాయి. సంచులతో సహా జనం సందంతా నిండారు. హైమవతి గారు తాళం మొదలుపెట్టి, దాని మీద రుద్రమ్మ గొంతుని సరిగమల మెట్లెక్కించారు. ఈలలు, చప్పట్లు. అంతలో కరెంటు పోయింది.

జనరేటర్ తొందరగానే వచ్చింది. కానీ ఆ పెట్టె ఆగిందంటే నేర్చిందంతా మర్చిపోతుంది. మళ్లీ ఫ్లాపీ పెట్టి మొదట్నుంచీ చెప్పాలి. ఆవిడ పెట్టారు. మైకులో కిర్రు కిర్రు తప్ప ఏమీ లేదు. ఎవరో వెనకనుంచి "ఐపోయిందా?" అని అరిచారు. ఆవిడ పెట్టె మీదికి వంగి ఎర్రటి అంకెనే చూస్తూండటం ముందువరసలో ఉన్న నాకు కనిపించింది.

అప్పుడు రుద్రమ్మ లేచింది. బుట్ట పక్కన పెట్టి, గుండెలనిండా గాలి తీసుకుంది.

"పూలమ్మో... పూలూ!"

"పూలూ!" అన్నాం మేమంతా. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాం. మూడోసారికి పెట్టె సిద్ధమైంది. హైమవతి గారు తలవంచి విని, రుద్రమ్మ శ్రుతి పట్టుకుని, ఆమె గొంతుతోనే ఆమెకు జవాబిచ్చారు. రుద్రమ్మ ఒక మెట్టు పైకి పోయింది. పెట్టె కూడా ఎక్కింది. ఇద్దరు రుద్రమ్మలూ పోటీపడి పోటీపడి, చివరికి అసలు రుద్రమ్మకు దగ్గొచ్చింది.

"చాలమ్మా, నువ్వే గెలిచినవ్!" అని మైకులో ఒప్పుకుంది. సందు గొల్లుమంది. వెనక రఘురామ్ గారు ఆఫీసు సంచి చంకన పెట్టుకుని, "మా ఆవిడండీ" అని ముక్కూమొహం తెలియనివాళ్లకి చెబుతున్నారు.

మర్నాడు పొద్దున్నే నేర్చుకుంటామని ఏడుగురు వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది జావా చెప్పే దుర్గేష్ సారు. నెల తిరక్కుండా బోర్డు మారింది: టైపు, సంగీతం. కొన్నాళ్లకి ఫ్లాపీలక్కర్లేని కొత్త కీబోర్డు కొన్నారు. "ఎంత తేలిగ్గా ఉందో!" అని ఆవిడే ముచ్చటపడ్డారు. పాతదాన్ని ఏటా వానాకాలంలో కమలాకర్ విప్పి తుడిచేవాడు.

ఆ మరుసటేడు మాకెవరికీ ఉద్యోగాలు రాలేదు. అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు దెబ్బతినేసరికి ఇక్కడి కంపెనీలు పిలవడం మానేశాయి. ఇంటికి ఏం చెప్పాలో తోచక ఎన్నో మధ్యాహ్నాలు ఆ గదిలోనే గడిపాం. ఆవిడ ఏమీ అడిగేవారు కాదు. ఖాళీ స్టూలు చూపించి, "కూర్చో అమ్మాయ్, నీ వంతు" అనేవారు.

నాకు మాదాపూర్‌లో ఉద్యోగం రెండువేల మూడులో వచ్చింది. మిఠాయి పట్టుకెళ్తే ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "మాదాపూరా? శనివారాలు సెలవేగా?" అన్నారు.

"అవునండీ."

"అయితే శనివారం పదింటికి రా. ఆలస్యం చెయ్యకు."

ఆరేళ్లు వెళ్లాను.